పాత ట్రాక్టరు కొన్న తరువాత
(కూర్మన్నపాలెంలో రైతుల సమావేశమున వ్యవసాయశాస్త్ర ఉపన్యాసకుడు చేసిన ప్రసంగపాఠము)



పైరును గురించి చెప్పవలసినవాడు యంత్రమును గురించి చెప్పుచున్నాడేమని మీరనుకొనవచ్చును. అదనున చల్లితే పొదలోనైనా పండునని పెద్దల మాట. తొలకరి పడి నేల పదునుకు వచ్చిననాడు ట్రాక్టరు మొరాయించినచో ఆ అదను మరల రాదు. కనుక ఇదియును సేద్యపు సంగతియే.

వాడిన ట్రాక్టరు కొనుటలో తప్పు లేదు. కాని అమ్మినవారు బండిని ఇత్తురుగాని దాని చరిత్రను ఇవ్వరు. చమురు ఎప్పుడు మార్చినారో, ఎంత బరువు లాగించినారో మనకు తెలియదు. గంటల మీటరు చెడిపోయి యుండవచ్చును, మార్చియైనా యుండవచ్చును. కాబట్టి కొన్ననాడే లెక్క మొదలైనట్లు ఎంచి, అన్ని పనులను మరల చేయించవలెను. ఆ ఖర్చును ముందే తలచుకొని బేరమాడవలెను.

మొదట బ్రేకులు. మన కూర్మన్నపాలెం కూడలి ఉక్కు కర్మాగారము వాకిట, జాతీయ రహదారిపైన ఉన్నది. బరువు లారీల నడుమ ట్రక్కు తగిలించుకొని పోవలసిన చోటు ఇది. ట్రాక్టరుకు రెండు బ్రేకు పెడళ్లు ఉండును. పొలములో మలుపు తిరుగుటకు వాటిని విడివిడిగా వాడుదుము. రోడ్డెక్కునపుడు రెండింటిని కొక్కెముతో తప్పక కలుపవలెను. లేనిచో ఒక చక్రమే ఆగి, బండి గిరుక్కున తిరిగి బోల్తా పడును. కొన్న వెంటనే చదునైన ఖాళీ స్థలములో మెల్లగా నడిపి బ్రేకు వేసి చూడండి. ఒక ప్రక్కకు లాగినచో సరిచేయించక రోడ్డెక్కవద్దు. దమ్ములో తిరిగిన బండియైతే బ్రేకులలోనికి బురదనీరు పోయినదేమో విప్పించి చూడవలెను. ముందు చక్రములను జాకీపై లేపి ఊపి చూచిన, బేరింగుల వదులు తెలియును.

రెండవది చమురు. ఇంజను చల్లగా నున్నపుడు కొలపుల్ల తీసి చూడండి. చమురు పాలవలె తెల్లబారినచో నీరు కలిసినదన్నమాట. మేస్త్రీ చూచువరకు ఇంజనును నడుపరాదు. అట్టి దోషము లేకున్నను పాత చమురును ఇంజను గోరువెచ్చగా నున్నపుడు పూర్తిగా దింపి, ఫిల్టరుతో సహా మార్చవలెను. దింపిన చమురులో లోహపు రజను మెరయుచున్నచో మేస్త్రీకి చూపించండి. గేరుపెట్టెలోను, హైడ్రాలిక్కులోను నూనెలను ఇట్లే మార్పించండి. తరువాత ఎన్ని గంటలకు మార్చవలెనో కంపెనీవారి పుస్తకము చూచి అనుసరించవలెను.

మూడవది గాలి, డీజిలు. ఇటుక, ఇసుక, కంకర తోలిన బండి దుమ్మును విస్తారముగా మ్రింగియుండును. గాలి వడపోతలో నూనె గిన్నె ఉన్నచో, దానిని విప్పి అడుగున పేరుకొన్న మడ్డిని తీసి, గుర్తువరకు మాత్రమే క్రొత్త నూనె పోయవలెను. దుమ్ములో పనిచేయు దినములలో ప్రతిరోజు చూడవలెను. డీజిలు ఫిల్టర్లను మార్చి, గొట్టములలోని గాలిని తీయించండి. సాయంకాలము పని ముగియగానే ట్యాంకు నింపియుంచినచో రాత్రి చలువకు లోపల నీరు చేరదు.

రేడియేటరు రెక్కలలోని పొట్టును, దుమ్మును వెనుకనుండి ముందుకు నీళ్లు చిమ్మి కడుగుడు. వేడిగా నున్నపుడు మూత తీయరాదు. మరుగునీరు ముఖముపై చిమ్మును. మనది సముద్రపు గాలి తగులు ప్రాంతము. ఉప్పుతేమకు ఇనుము త్వరగా తుప్పు పట్టును. కావున బండిని మంచినీటితో కడిగి ఆరనిచ్చి, గ్రీజు పట్టించు చోట్లన్నింటిలో పాత గ్రీజు బయటపడువరకు క్రొత్తది ఎక్కించండి. బ్యాటరీ కొనలను శుభ్రపరచి వాసిలీను రాయండి.

వెనుక తిరుగు పీ.టీ.ఓ. కడ్డీకి పాత బండ్లలో తొడుగు ఉండదు. అది లేనిదే నూర్పిడి యంత్రము తగిలించవద్దు. పంచె కొంగు, తువాలు చిక్కుకొన్నచో మనిషిని లాగివేయును.

ఇక కాగితములు. మోటారు వాహనముల చట్టము, 1988 ప్రకారము, మన రాష్ట్రములోనే కొన్నను 30 రోజులలోగా యాజమాన్యపు మార్పు కొరకు రవాణా కార్యాలయమునకు తెలుపవలెను. ఇందుకు 29, 30 నంబరు ఫారములు కావలెను. పాత యజమానికి అప్పు ఇచ్చిన బ్యాంకు పేరు పుస్తకములో ఉన్నచో, అది తీరినట్లు 35 నంబరు ఫారము తీసుకొనండి. బీమాను మీ పేరిట మార్పించుకొనుటకు 14 రోజులలోగా దరఖాస్తు చేయవలెను.

చేతిలో డబ్బు తక్కువైనచో వరుస ఇది: బ్రేకులు, స్టీరింగు, తరువాత చమురులు, ఫిల్టర్లు, ఆ తరువాత టైర్లు, దీపములు. అయితే దీపములు, వెనుక ఎర్ర పలకలు లేకుండ రాత్రి రోడ్డెక్కవద్దు. రంగు అన్నిటికంటె చివర. రంగు వేసినందువలన ఏ బండియు ఆగవలసిన చోట ఆగదు.

ఒక చిన్న నోటుపుస్తకమును బండిలో ఉంచి, ఏ తేదీన ఏమి మార్చినారో వ్రాయండి. రేపు మీరు అమ్మునపుడు, కొనువారికి బండి చరిత్రయు దొరకును. ఈ పనులన్నియు మే నెలలోనే ముగించి, తొలకరికి సిద్ధముగా నుండగలరని కోరుచు సెలవు తీసుకొనుచున్నాను.