ఇద్దరికీ చోటున్న ఒడి

ఆదోని చుట్టుపక్కల పల్లెల్లో పత్తి తీతల కాలమొస్తే అమ్మ పొద్దుగూకాకే ఇల్లు చేరుతుంది. ఎమ్మిగనూరు మగ్గాల ఇళ్లలో నాయన మగ్గం గుంతలో, అమ్మ కండెలు చుడుతూ రాట్నం దగ్గర. వాళ్లు దొరికే ఆ కాసేపటి కోసం అక్కాచెల్లెళ్లు పోట్లాడుకుంటారు.

చెల్లెలు పుట్టగానే పెద్దపిల్లకు గద్దె దిగినట్టు అనిపిస్తుందని ఆస్ట్రియా మానసిక వైద్యుడు ఆల్ఫ్రెడ్ అడ్లర్ (1870–1937) చెప్పారు. మానేసిన పక్క తడపడం మళ్లీ మొదలవడం, గోరుముద్దలకు మారాం చేయడం ఆ బాధకు గుర్తులు కావచ్చు. కొట్టకండి. "పెద్దదానివి, సర్దుకో" అనకండి. ఒకరితో ఒకరిని పోల్చకండి. జడ వేస్తూనో, అన్నం పెడుతూనో రోజూ పది నిమిషాలు ఒక్కొక్కరికే ఇవ్వండి. తగవొస్తే ఇద్దరి మాటా వినండి. తన వంతు తప్పక వస్తుందన్న నమ్మకం కుదిరితే పంతాలు తగ్గుతాయి.