దోషం నక్షత్రాలదా?
(యువజన కూటంలో చేసిన ప్రసంగ పాఠం)



మన కోనరావుపేట పల్లెల్లో ఎదిగిన బిడ్డ మంచాన పడితే వినబడే మాటలు రెండు. "నొసట అట్లనే రాసి ఉన్నది" అనేది ఒకటి. "ఎవరు ఏం పాపం చేసిండ్రో" అనేది రెండవది. ఈ మాటలు ఎంతవరకు నిజమో ఆలోచించడానికి ఒక నవలను మీ ముందుంచుతున్నాము.

అమెరికా రచయిత జాన్ గ్రీన్ 2012లో ‘ద ఫాల్ట్ ఇన్ అవర్ స్టార్స్’ ప్రచురించారు. రచయిత కాకమునుపు ఆయన కొన్ని నెలలు పిల్లల ఆసుపత్రిలో రోగులను ఓదార్చే చాప్లెయిన్‌గా పనిచేశారు. షేక్‌స్పియర్ ‘జూలియస్ సీజర్’ నాటకంలో కాసియస్, మన దీనస్థితికి కారణం నక్షత్రాలు కావు, మనమేనని బ్రూటస్‌తో వాదిస్తాడు. నవల పేరు ఆ వాదానికి ఎదురు ప్రశ్న.

హేజెల్‌కు పదహారేండ్లు. థైరాయిడ్ క్యాన్సరు ఊపిరితిత్తులకు పాకింది. ఎక్కడికి వెళ్లినా ఆక్సిజన్ సిలిండరు వెంట ఉండవలసిందే. అగస్టస్‌కు ఎముక క్యాన్సరు వలన ఒక కాలు పోయింది. వారు కలిసింది ఒక చర్చి నేలమాళిగలో, రోగులైన పిల్లల కూటంలో. ఈ రోగాలలో వారి తప్పేమీ లేదు. తాను పోతే అయినవారు గాయపడతారని హేజెల్ అతనిని దూరముంచాలనుకుంటుంది. చివరకు ప్రేమించడానికే నిర్ణయించుకుంటుంది. అయితే ముందుగా పోయినవాడు అగస్టస్. రోగం ఆమె ఎన్నుకున్నది కాదు, ప్రేమ ఆమె ఎన్నుకున్నది.

యోహాను సువార్త 9వ అధ్యాయంలో పుట్టుగుడ్డివానిని చూచి శిష్యులు కూడా పాపమెవరిదని అడిగారు. వానిదీ కాదు, తలిదండ్రులదీ కాదన్నారు ప్రభువు. అంతటితో ఊరుకోక బురద చేసి వాని కన్నులకు పూశారు. అయినా సిలోయము కోనేటికి నడిచి వెళ్లి కడుగుకోవలసినవాడు ఆ గుడ్డివాడే.

మన ప్రాంతానికి దగ్గరలోనే, నిజామాబాదు పక్కన డిచ్‌పల్లిలో, 1915లో డాక్టరు ఇసబెల్ కెర్ కుష్ఠు రోగుల ఆసుపత్రి నెలకొల్పారు. రాజా నర్సాగౌడ్ దానికి చేయూతనిచ్చారు. లోకం కర్మఫలమని వెలివేసినవారిని చేరదీయడం వారు చేసుకున్న నిర్ణయం.

జాన్ గ్రీన్ 2025లో క్షయ రోగంపై ఒక పుస్తకం రాశారు. క్షయ మందులతో నయమవుతుంది. అయినా 2023లో ప్రపంచంలో సుమారు 12 లక్షల 50 వేల మంది దానివలన చనిపోయారు. రోగులలో నాలుగవ వంతు మన దేశంవారే. ఇది నక్షత్రాల దోషమా? మందు ప్రభుత్వ ఆసుపత్రిలో ఉచితం. సాధారణంగా ఆరు నెలలు వాడాలి. రెండు నెలలకే ఒళ్లు తేలికపడిందని మానేస్తే రోగం మొండికేస్తుంది. పెండ్లి కాదేమోనని ఆడపిల్ల దగ్గును దాచే ఇల్లు మన సంఘాలలో లేదా?

కనుక ప్రియులారా, రోగి ఇంటికి వెళ్లినప్పుడు పాపాన్ని వెదకవద్దు. మందు ఏ నెలకు వచ్చిందో అడగండి. తోడు కావాలంటే ఆసుపత్రికి వెంట నడవండి. అట్టి మనస్సు ప్రభువు మనకు దయచేయును గాక. ఆమేన్.