కొండ ఇంటి అతిథి
(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



తిథి చూడకుండా వచ్చేవాడు అతిథి అని పెద్దలు చెప్పినారు. ఒక పూట ఉండి పోయే అతిథికి మర్యాద చేయడం ఏ గృహస్థుకైనా తెలిసిన విషయమే. కాని భాష తెలియని మనిషి, ఆచారం తెలియని మనిషి, నెలల తరబడి ఒక ఇంట ఉండవలసి వస్తే అతని నిత్యజీవితం ఎట్లా గడుస్తుంది? ఆ ఇంటివారు అతనికి ఏమి ఇస్తారు? అతడు వారికి ఏమి ఇవ్వగలడు? ఈ ప్రశ్నలకు సమాధానం వెదకడానికి దేశాంతరాలు పోనక్కరలేదు. శ్రీకాకుళం, విజయనగరం సీమల అంచున నిలిచిన కొండలలోనే అది లభిస్తుంది.

ఆ కొండలలో సవరలు నివసిస్తున్నారు. వారి గ్రామాలు కొన్ని శ్రీకాకుళం జిల్లాలోను, కొన్ని 2022లో ఏర్పడిన పార్వతీపురం మన్యం జిల్లాలోను, మరి ఎన్నో ఒడిశాలోను ఉన్నవి. ఇండ్లను వరుసగా, గోడకు గోడ ఆనించి కట్టుకోవడం వారి పాత సంప్రదాయం. మట్టిగోడలు, ముందు అరుగు, లోపల పొయ్యి, పైన ధాన్యం దాచుకొనే అటక. అట్టి ఇంట బస చేసిన అతిథికి రోకటి పోటే మేలుకొలుపు. స్త్రీలు ఊటనీరు మోసుకొని వస్తారు. మగవారు జీలుగు చెట్టు వద్దకు పోయి, దాని నీడనే కూర్చుండి కల్లు పంచుకొని త్రాగుతూ ఊరి మంచిచెడ్డలు ముచ్చటించుకొంటారు. పిమ్మట పోడుకో, రాతిగట్లు పేర్చి కొండవాలున మెట్లు మెట్లుగా తీర్చిన పొలాలకో పయనం. చోడి అంబలి, సామల అన్నం, కందులు, అడవిదుంపలు వారి ఆహారం. అతిథికీ అదే ఆహారం.

ఇంగ్లండులో జన్మించి, 1927లో భారతదేశానికి వచ్చి, 1954లో ఈ దేశ పౌరుడైన వెరియర్ ఎల్విన్, 1940 తరువాతి సంవత్సరాలలో ఒడిశాలోని సవర గ్రామాలలో తిరిగినారు. ఆ ఇండ్ల గోడలమీద తెల్లని పిండితో వ్రాసిన బొమ్మలను ఆయన శ్రద్ధగా పరిశీలించినారు. మనుష్యులు, ఏనుగులు, గుర్రాలు, చెట్లు. చూచి పోయేవాడికి అవి అలంకారాలు. ఇంటివారికి అట్లా కాదు. అవి చనిపోయిన పెద్దలకు, దేవతలకు కట్టి ఇచ్చిన నివాసాలు. ఈ సంగతులను ఆయన 1955లో వెలువడిన తమ గ్రంథంలో విపులంగా వివరించినారు.

1975 నుండి ఆ కొండలకు వచ్చిన మరొక ఆంగ్ల పండితుడు పియర్స్ విటెబ్స్కీ సవరల నడుమ నివసించి వారి భాష నేర్చుకొన్నారు. మరణించినవారు పూనకం వచ్చిన మనిషి నోట మాట్లాడడం, బంధువులు వారితో వాదించడం, ఏడ్వడం, సమాధానపడడం ఆయన స్వయంగా విని 1993లో గ్రంథస్థం చేసినారు. ఒక కుటుంబం తన మృతులతో ఆడుకొనే మాటలు దుబాసీ ద్వారా తెలిసేవి కావు. అవి తెలియాలంటే ఆ ఇంటి అరుగుమీద చాలా కాలం కూర్చుండవలసిందే.

అయితే ఈ ఇద్దరికీ ముందే ఆ భాష గడప దాటిన మహనీయుడు ఈ గడ్డమీదనే పుట్టినారు. గిడుగు రామమూర్తి పంతులు 1863లో శ్రీకాకుళానికి ఉత్తరాన వంశధార ఒడ్డున ఉన్న పర్వతాలపేటలో జన్మించి, విజయనగరంలో చదువుకొని, 1880లో పర్లాకిమిడిలో ఉపాధ్యాయులైనారు. మైదానం మనిషి కొండకు పోవడం ఆ రోజులలో క్రొత్త కాదు. షావుకారు వడ్డీకి పోయేవాడు, ఉద్యోగి పన్నుకు పోయేవాడు, వర్తకుడు చింతపండుకు పోయేవాడు. వారి భాష నేర్చుకొని వారి పిల్లలకు చదువు చెప్పాలని పోయినవాడు అరుదు.

రామమూర్తి గారు మొదట తామే అతిథేయులైనారు. తెలుగూ సవరా రెండూ తెలిసిన ఒక వ్యక్తిని తమ ఇంటనే ఉంచుకొని, ఏండ్ల తరబడి ఆ భాష అభ్యసించినారు. ఆనాటి కట్టుబాట్లు ఎరిగినవారికి అది ఎంత సాహసమో వేరే చెప్పనక్కరలేదు. పిమ్మట తామే అతిథియై కొండలు ఎక్కినారు. సవర భాషలో పుస్తకాలు వ్రాసి, స్వంత ధనంతో బడులు పెట్టించి, పిల్లలకు వారి మాటలోనే చదువు చెప్పించినారు. 1911లో ప్రభుత్వంవారు పారితోషికం ఇవ్వబోగా, ఆ ధనంతో సవరలకు ఒక బడి పెట్టుమని కోరినారు.

సవర భాషలో గొంతులోనే ఆగిపోయే ఒక ధ్వని ఉన్నది. దానికి తెలుగులో అక్షరం లేదు. అట్టి సూక్ష్మమైన ధ్వనులను పట్టుకొన్న ఆ చెవులే ఆయనకు దూరమైనవి. మన్యంలో సోకిన చలిజ్వరానికి క్వినైను వాడగా వినికిడి పోయినది. అయినా ఆయన విరమించలేదు. 1931లో సవర వ్యాకరణం, 1938లో సవర-ఇంగ్లీషు నిఘంటువు మద్రాసులో వెలువడినవి. కుమారులు గిడుగు వెంకట సీతాపతి గారు కూడా ఆ భాషలో కృషి చేసినారు. అతిథి తాను తిన్న ఉప్పుకు ఇంతకంటె గొప్పగా ఋణం తీర్చుకోగలడా?

ఆ భాష సామాన్యమైనది కాదు. బర్మా, థాయిలాండు, కంబోడియా దేశాలలో వినిపించే మాన్, ఖ్మేర్ భాషలకు అది దూరపు చుట్టం. థాయిలాండులో ఒక ఖ్మేర్ కుటుంబం ఇంట బస చేసే పరదేశికీ, సీతంపేట కొండలమీద ఒక సవర ఇంట బస చేసే పరదేశికీ చెవిలో పడే మాటలు ఎన్నో వేల ఏండ్లనాటి ఒకే మూలానికి చెందినవి. అంత పెద్ద వంశం ఈ ఊరి సంతకు చింతపండు బుట్టతో దిగి వస్తున్నది. ఆ బుట్ట ధర అడిగినవారే గాని, మోసుకొని వచ్చిన మనిషిని ఆమె భాషలో కుశలం అడిగినవారు ఎందరు?

సముద్రాలు దాటి వచ్చినవారు ఆ అరుగుమీద కూర్చుండి నేర్చుకొన్నారు. అరుగుకు ఆమడ దూరాన ఉన్నవారు ఇంకా నిలబడే మాట్లాడుతున్నారు. ఇది ఎవరినీ నిందించడానికి చెప్పినమాట కాదు. ఇరవైఅయిదేండ్లు నిండిన ఈ గ్రంథాలయం ముందున్న పనిని గుర్తుచేయడానికి చెప్పినమాట. గ్రంథాలయం కూడా ఒక అతిథిగృహమే. ఈ బీరువాలలో కాళిదాసు ఉన్నాడు, టాల్‌స్టాయ్ ఉన్నాడు. వారి సరసన రామమూర్తి గారి సవర నిఘంటువుకు ఒక చోటు, కొండ దిగి చదువుకు వచ్చే సవర బిడ్డకు ఈ బల్లమీద ఒక చోటు కల్పిస్తే, రాబోయే స్వర్ణోత్సవ సభలో ఆ బిడ్డే తన ఇంటి సంగతులు తన నోట చెప్పగలడు. ఆనాడు ఈ వేదికమీద వక్త సవర, వినేవారు అతిథులు.

ఆ దినం త్వరలో వచ్చునుగాక!