కుక్కలకు ఆలస్యంగా అందిన వైద్యం



మూత్రపిండాల పైన చెరొకటిగా ఉండే చిన్న గ్రంథులు అడ్రినల్ గ్రంథులు. ఇవి పాడైతే మనిషి నీరసించి, చర్మం నల్లబడి, చివరికి చనిపోతాడని 1855లో లండన్ గైస్ ఆసుపత్రి వైద్యుడు థామస్ అడిసన్ తన పుస్తకంలో రాశాడు. మరుసటి ఏడాది బ్రౌన్ సెకార్డ్ అనే శాస్త్రవేత్త జంతువులకు ఈ గ్రంథులు తీసేసి చూశాడు. అవి బతకలేదు. 1930లో అమెరికాలో స్వింగిల్, ఫిఫ్నర్ అనే శాస్త్రవేత్తలు ఈ గ్రంథుల పైపొర నుంచి తీసిన సారంతో, గ్రంథులు లేని పిల్లులను బతికించారు. ఆ పైపొర హార్మోన్లలో ఒకటైన కార్టిసోన్ మీద కృషికి 1950లో కెండాల్, రైక్‌స్టైన్, హెంచ్‌లకు నోబెల్ బహుమతి వచ్చింది.

ఇందులో చాలా జ్ఞానం మూగజీవాల ప్రాణాల మీద సంపాదించినదే. అయినా కుక్కలకు కూడా ఈ గ్రంథులు పాడయ్యే జబ్బు దానంతటదే వస్తుందని పశువైద్య శాస్త్రవేత్త విలియం హాడ్లో మూడు కుక్కల వివరాలతో ప్రకటించింది 1953లో. అప్పటికి అడిసన్ పుస్తకం వచ్చి తొంభై ఎనిమిదేళ్లు!

ఆలస్యానికి ఒక కారణం ఈ జబ్బు స్వభావమే. వాంతులు, విరేచనాలు, తిండి మీద అయిష్టత వచ్చి పోతుంటాయి. సెలైన్ ఎక్కిస్తే కుక్క కోలుకుంటుంది, మళ్లీ పడిపోతుంది. కడుపు జబ్బనో, కిడ్నీ జబ్బనో పొరబడటం తేలిక.

ఒక రోజు కుక్క కుప్పకూలుతుంది. చిగుళ్లు పాలిపోతాయి, పాదాలు చల్లబడతాయి. అంతటి షాక్‌లో గుండె దడదడ కొట్టుకోవాలి. కానీ తొడ లోపలి వైపు వేలు పెట్టి చూస్తే నాడి చాలాసార్లు నెమ్మదిగా ఆడుతుంటుంది. ఈ గ్రంథుల హార్మోన్ ఆల్డోస్టిరాన్ లేక సోడియం మూత్రంలో పోతుంది, పొటాషియం రక్తంలో పేరుకుంటుంది. గుండెను మందగింపజేసేది ఆ పొటాషియమే. అలాంటప్పుడు డాక్టరు ముందు సెలైన్ ఎక్కిస్తారు, గుండెకు రక్షణగా కాల్షియం గ్లూకోనేట్ ఇస్తారు. స్టిరాయిడ్‌గా డెక్సామెథసోన్‌ను ఎంచుకుంటారు, ఎందుకంటే అది ఈ గ్రంథుల మరో హార్మోన్ కార్టిసాల్ కొలతకు అడ్డు రాదు. ఈ గ్రంథులను ప్రేరేపించే ఏసీటీహెచ్ ఇంజక్షన్‌కు ముందూ తర్వాతా కార్టిసాల్ కొలిస్తే జబ్బు ఖాయమవుతుంది. ఆ తర్వాత జీవితాంతం మందులు వాడాలి. సరిగా వాడితే చాలా కుక్కలు మామూలుగానే బతుకుతాయి.

పెంచుకునేవారికి నా మనవి రెండే మాటలు. తరచూ నీరసపడి కోలుకునే కుక్కకు రక్తంలో సోడియం, పొటాషియం పరీక్ష చేయించమని అడగండి. చాలాకాలంగా వాడుతున్న స్టిరాయిడ్ మాత్రలను డాక్టరు చెప్పకుండా ఉన్నట్టుండి ఆపకండి, అదీ ఇలాంటి ప్రమాదమే తెచ్చిపెట్టవచ్చు. ఈ జ్ఞానం కోసం ప్రాణాలిచ్చిన జీవాలకు మనం చేయగలిగిన న్యాయం, దాన్ని మన ఇంటి జీవానికి సకాలంలో అందించడమే.