ఏప్రిల్ 5: తూర్పుకు తిరిగిన ఓడలు



మా మాస్టారి చరిత్ర పాఠంలో ఎవరైనా లేచి ఫలానా సేనాపతికి బుద్ధి లేదు అంటే, ఆయన చేతిలో సుద్దముక్క బల్ల మీద పెట్టేసేవారు. 'ఆ రోజుకి అతనికి ఏం తెలుసు?' అని అడిగేవారు. మేం తోచింది చెప్పేవాళ్ళం. 'సరే. తెలిసీ పక్కన పెట్టిందేమిటి?' అనేవారు. ఈ రెండో ప్రశ్న దగ్గర క్లాసంతా నిశ్శబ్దం. ఈ ఉపన్యాసానికి నన్ను పిలిచినప్పుడు, ఆ రెండు ప్రశ్నలూ పట్టుకుని రెండో ప్రపంచయుద్ధం మన విశాఖపట్నాన్ని తాకిన ఘట్టం దగ్గరికి వెళ్దామనిపించింది.

1942 ఏప్రిల్ 6న విశాఖపట్నం మీదా కాకినాడ మీదా జపాను విమానాలు బాంబులు వేశాయి. ప్రాణాలు పోయాయి. ఆ విమానాలు ర్యూజో అనే చిన్న విమానవాహక నౌక మీంచి లేచినవి. ఒజావా అనే అడ్మిరల్ నడుపుతున్న దళం అది; కొద్ది రోజుల్లోనే బంగాళాఖాతంలో ఇరవై దాకా సరుకు ఓడల్ని ముంచింది. అంతకు ముందురోజు, ఈస్టర్ ఆదివారం, నగుమో నాయకత్వంలోని పెద్ద దళం కొలంబో మీద పడింది. 9న ట్రింకోమలీ వంతు. బ్రిటిష్ విమానవాహక నౌక హెర్మిస్ ఆ రోజే మునిగింది. సోమర్‌విల్ కింద ఉన్న బ్రిటిష్ నౌకాదళంలో పాత యుద్ధనౌకలు ఆఫ్రికా తూర్పు తీరానికి తప్పుకున్నాయి.

అప్పటికే ఫిబ్రవరి 15న సింగపూరు, మార్చి 8న రంగూను పడిపోయాయి. మార్చి 23న జపానువాళ్ళు అండమాన్‌లో దిగారు. రంగూను రేవులో మూటలు మోసి బతికిన మన కోరంగీవాళ్ళు కొండలూ అడవులూ దాటుకుంటూ కాలినడకన వస్తున్నారు. ఢిల్లీలో క్రిప్స్ రాయబారం సాగుతోంది. జపానువాడు రేపో మాపో దిగుతాడని కోస్తా అంతా ఒకటే మాట. ఊళ్ళు ఖాళీ అయ్యాయి.

జపానువాడు దిగలేదు. ఎందుకు దిగలేదన్నదే ఈ సాయంత్రం నా విషయం.

ఆ వసంతంలో టోక్యో ముందు మూడు దారులున్నాయి. పడమటికి వచ్చి సింహళాన్ని పట్టుకోవడం. దక్షిణాన ఫిజీ, సమోవా దీవులు పట్టి ఆస్ట్రేలియాకు అమెరికాతో సంబంధం తెంపడం. లేదా తూర్పున మిడ్‌వే అనే చిన్న పగడపు దీవి మీద దాడి చేసి, అమెరికా విమానవాహక నౌకల్ని బయటికి రప్పించి నాశనం చేయడం. మొదటిదానికి సైన్యం ఒప్పుకోలేదు. దాని దృష్టంతా చైనా మీదా, సోవియట్ సరిహద్దు మీదా ఉంది. సింహళానికి డివిజన్లు ఇవ్వనంది. రెండోది నౌకాదళ ప్రధాన కార్యాలయం కోరుకున్నది. మూడోది సంయుక్త నౌకాదళాధిపతి యమమోటో పట్టుదల. మిడ్‌వే పట్టుకున్నా దానికి సరుకులు చేరవేయలేం, నిలబెట్టుకోలేం అని ప్రధాన కార్యాలయం అధికారులు గట్టిగానే వాదించారు. ఈ పథకం కాదంటే యమమోటో రాజీనామా చేస్తారని ఆయన మనుషులు కబురు చెప్పారు. కార్యాలయం తల వంచింది.

తల వంచిన రోజు ఏప్రిల్ 5.

విశాఖ మీద బాంబులు పడక ముందురోజే జపాను ఓడలు తూర్పుకు వెళ్ళాలని నిర్ణయమైపోయింది. ఏప్రిల్ 18న డూలిటిల్ నడిపిన 16 అమెరికన్ బాంబర్లు హార్నెట్ ఓడ మీంచి లేచి టోక్యో మీద దాడి చేశాక, మిగిలిన గొణుగుడు కూడా ఆగిపోయింది. చాలా పుస్తకాలు డూలిటిల్ దాడినే మలుపుగా చెబుతాయి. నాకు ఏప్రిల్ 5 ముఖ్యం. ఆ రోజు ఒక వాదనకు జవాబు దొరకలేదు. రాజీనామా బెదిరింపుతో అది మూగబోయింది.

ఇక మాస్టారి రెండో ప్రశ్న. తెలిసీ పక్కన పెట్టినవి మూడు నాకు కనిపిస్తున్నాయి.

ఒకటి మన సముద్రంలోనే జరిగింది. ఏప్రిల్ 9న ట్రింకోమలీ దగ్గర తొమ్మిది బ్రిటిష్ బాంబర్లు ఏ హెచ్చరికా లేకుండా నగుమో ఎక్కిన అకాగి మీదికి వచ్చేశాయి. బాంబులు పడి పక్కనే నీళ్ళు లేచేదాకా ఓడలో ఎవరికీ తెలియదు. ఒక్కటీ తగల్లేదు. నా దృష్టిలో జపాను దురదృష్టం అదే. తగిలి ఉంటే కాపలా ఎంత పలుచగా ఉందో, డెక్కుల కింద ఆయుధాలు మార్చుకునే వేళ ఓడ ఎంత బలహీనమో వాళ్ళకు బోధపడేది. తగల్లేదు గనక, గెలిచామనుకుని ఇంటిదారి పట్టారు.

రెండోది మే మొదటి వారంలో, యమాటో యుద్ధనౌకలో, మిడ్‌వే పథకాన్ని బల్ల మీద ఆడి చూసినప్పటిది. పాచికలు వేసి, జపాను ఓడలకు తొమ్మిది బాంబులు తగిలినట్టు తీర్పరి తేల్చాడు; అకాగి, కాగా రెండూ మునిగాయి. యమమోటో కుడిభుజం ఉగాకీ కలగజేసుకుని, తొమ్మిది కాదు, మూడే అన్నాడు. అకాగి బతికింది. మునిగిన కాగా కూడా తరవాతి ఆటకల్లా తేలింది. గదిలో ఉన్నవాళ్ళంతా అనుభవజ్ఞులే. ఒక్కరూ అడ్డు చెప్పలేదన్నది నన్ను ఈనాటికీ బాధపెడుతుంది. ఆ బల్ల మీది బొమ్మలు వేల మంది మనుషులు.

మూడోది జుయికాకు అనే విమానవాహక నౌక సంగతి. మే 8న పగడాల సముద్రపు పోరులో దాని జంట నౌక షోకాకు దెబ్బతింది. జుయికాకుకు దెబ్బ తగల్లేదు గానీ విమానాలూ పైలట్లూ తరిగిపోయారు. షోకాకు పైలట్లను దానికి ఎక్కించే ఆలోచనైనా చేయకుండా రెండింటినీ రేవులో ఉంచేశారు. నాలుగు విమానవాహక నౌకలే చాలనుకున్నారు. అదే పోరులో అమెరికాకు లెక్సింగ్‌టన్ పోయింది, యార్క్‌టౌన్ తీవ్రంగా దెబ్బతింది. మే 27న పెర్ల్ హార్బర్ చేరిన యార్క్‌టౌన్‌కు మూడు నెలల పని ఉందన్నారు. అమెరికా పసిఫిక్ నౌకాదళాధిపతి నిమిట్జ్ మూడు రోజులిచ్చాడు. సుమారు 1,400 మంది పనివాళ్ళు రాత్రీపగలూ అతుకులు వేశారు. వేరే ఓడకు చెందిన స్క్వాడ్రన్లను ఎక్కించుకుని 30న అది బయల్దేరింది. ఆ పని జరిగిన డ్రై డాక్ ఎక్కడిది? 1941 డిసెంబరు 7న పెర్ల్ హార్బర్ మీద రెండు దఫాలు దాడి చేసి, మూడో దఫా పంపకుండా నగుమో వెనక్కి తిరిగినప్పుడు పెద్దగా దెబ్బతినకుండా మిగిలిపోయిందే. చమురు ట్యాంకులూ అలాగే మిగిలాయి. నగుమోకు కారణాలు లేకపోలేదు: అమెరికా విమానవాహక నౌకలు ఎక్కడున్నాయో తెలియదు, పొద్దు వాలుతోంది. మొదటి ప్రశ్నలో ఆయన నెగ్గుతాడు.

అవతల నిమిట్జ్ చేసింది దీనికి తలకిందులు. రోష్‌ఫోర్ట్ అనే నిపుణుడి బృందం జపాను గూఢలిపి కొంత విప్పి, దాడి మిడ్‌వే మీదే అంది. వాషింగ్టన్‌లో కొందరు నమ్మలేదు. దీవిలో మంచినీళ్ళకు కటకట అని మామూలు భాషలో ఒక సందేశం పంపించి, జపానువాళ్ళు దాన్ని తమ లిపిలో తిరిగి చెప్పుకోవడం విని, గురి మిడ్‌వేనే అని రూఢి చేసుకున్నారు. నిమిట్జ్ తన దగ్గరున్న మూడు విమానవాహక నౌకలూ పందెం కాశాడు.

జూన్ 4 కథ మీకు తెలిసిందే, త్వరగా చెబుతాను. నగుమో ఆయుధాల మార్పిడిలో చిక్కుకున్నాడు. అమెరికన్ టార్పెడో విమానాలు వరసగా వచ్చి కూలాయి. ఒక స్క్వాడ్రన్‌లో 15కి 15 పోయాయి, 30 మందిలో ఒక్కడు బతికాడు. ఉదయం పదీ ఇరవై దాటాక డైవ్ బాంబర్లు వచ్చాయి. అకాగి, కాగా, సోర్యు నిమిషాల్లో అంటుకున్నాయి. సాయంత్రానికి హిర్యు. యార్క్‌టౌన్ కూడా మిగల్లేదు, 7న మునిగింది. ఇంకో అయిదు నిమిషాలు దొరికుంటే జపాను విమానాలు లేచేవన్న కథ చాలాకాలం చెలామణి అయింది. జపాను ఓడల రికార్డులు చూసిన చరిత్రకారులు అది నిలవదని తేల్చారు. దాడి విమానాలు చాలావరకు ఇంకా కింది హ్యాంగర్లలోనే ఉన్నాయి.

ఒక అభ్యంతరం న్యాయమైనది. ఆ యుద్ధం ముగిసేలోపు అమెరికా ఎసెక్స్ తరగతి పెద్ద విమానవాహక నౌకలు 17 సేవలోకి తెచ్చింది. మిడ్‌వేలో ఎవరు గెలిచినా చివరికి ఫలితం అదే కదా? చివరి ఫలితం బహుశా అదే. కానీ ఆ చివరికి చేరేలోపు ఎన్నేళ్ళు, ఎవరి నెత్తుటితో అన్నది ఫలితంలో భాగం కాదా? అబాదాన్ చమురు, ఈజిప్టులోని బ్రిటిష్ సైన్యానికి ఆఫ్రికా చుట్టి వచ్చే సరుకులు, ఇరాన్ మీదుగా సోవియట్లకు చేరే సాయం, అన్నీ నడిచింది పడమటి హిందూ మహాసముద్రంలో. జూన్ 21న ఉత్తర ఆఫ్రికాలో టోబ్రూక్ పడిపోయిన నెలలో ఆ దారి తెగి ఉంటే? భారతదేశాన్ని ఆక్రమించేంత సైన్యమూ ఓడలూ జపానుకు లేవు. ఆ భయం అతిగా చెప్పుకున్నదే. ఓడల దారి తెంపడం మాత్రం చేతనైన పనే. డిసెంబరు నుంచి తిరిగి తిరిగి అలిసిన ఓడలవని ఒప్పుకుంటూనే, ఆ వసంతంలో జపాను జారవిడిచిన అవకాశం మిడ్‌వేలో కాక ఇక్కడ ఉందని నేను నమ్ముతున్నాను.

ర్యూజో సంగతి చెప్పి ముగిస్తాను. యమమోటో దళాన్ని చీల్చి ఒక పాయను ఉత్తరాన అల్యూషన్ దీవులకు పంపాడు. ర్యూజో అందులో ఉంది. మిడ్‌వేలో నాలుగు ఓడలు తగలబడుతున్నప్పుడు అది ఎక్కడో పొగమంచులో డచ్ హార్బర్ మీద బాంబులు వేస్తోంది. ఆగస్టు 24న సాలమన్ దీవుల దగ్గర మునిగిపోయింది. విశాఖ మీదికి విమానాల్ని పంపి అప్పటికి అయిదు నెలలు కూడా కాలేదు.

ఏప్రిల్ 6 తరవాత మూటాముల్లె నెత్తిన పెట్టుకుని, పిల్లల్ని చంకనెత్తుకుని ఈ ఊరు విడిచి పల్లెలకు నడిచినవాళ్ళకు ఇవేవీ తెలియవు. వాళ్ళు దారి పొడవునా వెనక్కి తిరిగి సముద్రం వైపు చూసుకుంటూ వెళ్ళారు. ఆ నెల సగం గడిచేసరికి నగుమో ఓడలు మలక్కా జలసంధి దాటేశాయి.