ఏవ్‌బరీ: రాతివలయంలో ఒక ఊరు



ఇంగ్లండ్‌లోని ప్రాచీన స్థలాలనగానే మనలో చాలామందికి స్టోన్‌హెంజ్ గుర్తుకొస్తుంది. దానికి ఉత్తరంగా పాతిక ముప్పై కిలోమీటర్ల దూరంలో, అదే విల్ట్‌షైర్ కౌంటీలో, ఏవ్‌బరీ అనే చిన్న గ్రామం ఉంది. ప్రాచీన రాతివలయాల్లో ప్రపంచంలోకెల్లా పెద్దది అక్కడే ఉంది. ఆ వలయం లోపలే ఊరి వీధి, కొన్ని ఇళ్లు, ఒక పూటకూళ్ల ఇల్లు కూడా ఉన్నాయి. గొర్రెలు ఆ రాళ్ల నీడనే మేస్తుంటాయి. స్టోన్‌హెంజ్‌తో కలిపి ఏవ్‌బరీని 1986లో ప్రపంచ వారసత్వ స్థలంగా గుర్తించారు.

ఈ ప్రసంగంలో ఆ ఊరినీ, దాని చుట్టూ ఉన్న కాలిబాటలనూ చూస్తూ ఒక ప్రశ్నను పరిశీలిద్దాం. పురాతన కట్టడం ఎవరిది? నేల యజమానిదా, అక్కడ కాపురమున్నవారిదా, ప్రభుత్వానిదా, లేక దారిన నడిచి వచ్చే ప్రతి మనిషిదీనా?

ముందుగా కట్టడం సంగతి. ఇది ఒక్కసారిగా కట్టింది కాదు. క్రీస్తుపూర్వం మూడో సహస్రాబ్దిలో కొన్ని వందల ఏళ్లపాటు దశలవారీగా రూపొందింది. అప్పటికి అక్కడివారికి ఇనుము తెలియదు. జింక కొమ్ములనే గునపాలుగా వాడి, సుద్దనేలను సుమారు 9 మీటర్ల లోతున గుండ్రటి కందకంగా తవ్వారు. తవ్విన సుద్దను బయటివైపు కట్టగా పోశారు. కందకం లోపలి అంచు వెంట సుమారు వంద పెద్ద రాళ్లను నిలబెట్టారు. వాటి నడుమ మరి రెండు చిన్న వలయాలు కట్టారు. రాళ్లను చెక్కకుండా, దొరికిన రూపంలోనే నిలిపారు. ఇవి సార్సెన్ అనే గట్టి ఇసుకరాయి జాతికి చెందినవి.

ఇన్ని వేల ఏళ్లు నిలిచిన ఆ రాళ్లకు ముప్పు తెచ్చింది వానలూ గాలులూ కాదు, మనుషులే. పధ్నాలుగో శతాబ్దంలో ఊరివారు కొన్ని రాళ్లను పడదోసి గోతుల్లో పూడ్చిపెట్టారు. 1938లో అలాంటి ఒక రాయిని పైకి లేపినప్పుడు కింద ఒక మనిషి అస్థిపంజరం బయటపడింది. పక్కనే ఒక కత్తెర, ఆ కాలపు నాణేలు ఉన్నాయి. మంగలి పనీ, వైద్యమూ రెండూ చేసే దేశాటకుడై ఉంటాడని పరిశోధకులు ఊహించారు.

పూడ్చిన రాయి మట్టిలో భద్రంగానే ఉంది. అసలు నష్టం ఆ తర్వాత, పదిహేడు, పద్దెనిమిది శతాబ్దాల్లో జరిగింది. ఊళ్లో ఇళ్లకూ గోడలకూ రాయి కావాలి. రాతికింద గొయ్యి తీసి, గడ్డి వేసి మంట పెట్టేవారు. రాయి బాగా కాలాక చన్నీళ్లు పోసి, సమ్మెటతో కొడితే పగిలేది. రాయిని నిప్పుతో లొంగదీయడం మన రాతిపనివారూ ఎరిగిన విద్యే. 1649లో వేటకు వచ్చి ఈ వలయాన్ని గుర్తించిన జాన్ ఆబ్రీ దీని గురించి రాసిపెట్టాడు. 1719 నుంచి కొన్నేళ్లపాటు ఏటా వచ్చిన విలియం స్టూక్లీ, కళ్లముందే పగులుతున్న రాళ్ల లెక్కలూ బొమ్మలూ తయారుచేసి, 1743లో పుస్తకంగా ప్రచురించాడు. ఆపలేకపోయినా, ఏది ఎక్కడ ఉండేదో నమోదు చేశాడు. తరువాతివారికి ఆ నమోదే ఆధారమైంది.

1870ల ఆరంభంలో వలయంలోని కొంత నేలను ఇళ్లస్థలాలుగా అమ్మకానికి పెట్టారు. శాస్త్రవేత్త, పార్లమెంటు సభ్యుడు అయిన జాన్ లబ్బక్ ఆ నేలను తానే కొన్నాడు. ఎన్ని స్థలాలని ఒక మనిషి కొనగలడు? అందుకే చట్టం కోసం పట్టుబట్టాడు. ఏళ్ల తరబడి ప్రయత్నించాక 1882లో పురాతన కట్టడాల రక్షణ చట్టం వచ్చింది. యజమాని ఇష్టపడితే తప్ప ప్రభుత్వం కట్టడాన్ని తన సంరక్షణలోకి తీసుకోలేని బలహీనమైన చట్టమది. అయినా, సొంత నేలమీద ఉన్నదైనా జాతికి సంబంధించినది కావచ్చునన్న భావన ఆ దేశపు చట్టంలోకి దానితోనే ప్రవేశించింది. 1900లో లబ్బక్‌కు ప్రభు బిరుదు ఇచ్చినప్పుడు ఆయన ఎంచుకున్న పేరు ఏవ్‌బరీ.

మూడో ఘట్టం 1930లలో జరిగింది. నారింజ మార్మలేడ్ వ్యాపారంతో సంపన్నమైన కుటుంబానికి చెందిన అలెగ్జాండర్ కైలర్ ఊళ్లో చాలా భాగం కొని, తవ్వకాలు జరిపించాడు. పూడ్చిన రాళ్లను లేపి నిలబెట్టాడు. పగిలిపోయినవాటి చోట కాంక్రీటు గుర్తులు పెట్టించాడు. 1943లో ఆ ఆస్తిని నేషనల్ ట్రస్ట్‌కు అమ్మాడు. ఈ రోజు మనం చూసే వలయం చాలావరకు ఆయన కృషి ఫలితమే. అయితే దీనికి మరోవైపు కూడా ఉంది. రాళ్లు స్పష్టంగా కనబడాలని, వలయం లోపలి కొన్ని ఇళ్లనూ కొట్టాలనూ పడగొట్టారు. ట్రస్ట్ చేతికి వచ్చాక కూడా ఇది కొంతకాలం సాగింది. కొన్ని కుటుంబాలు ఏవ్‌బరీ ట్రస్లో అనే పక్క పల్లెకు తరలవలసి వచ్చింది. ఒకప్పుడు ఇళ్ల కోసం రాళ్లు కూల్చారు, తరువాత రాళ్ల కోసం ఇళ్లు కూల్చారు. రెంటిలోనూ నష్టపోయినవారు ఉన్నారని మరచిపోకూడదు.

ఇప్పుడు ఊరు దాటి నడుద్దాం. వలయం దక్షిణ ద్వారం నుంచి రెండు వరుసల రాళ్ల నడుమ వెస్ట్ కెన్నెట్ రాతిబాట మొదలవుతుంది. ఒకప్పుడు ఇది సుమారు రెండున్నర కిలోమీటర్లు సాగి, ఓవర్టన్ గుట్టమీద శాంక్చువరీ అనే మరో వలయాన్ని చేరేది. ఆ గుట్ట దగ్గరే రిడ్జ్‌వే అనే దూరపు కాలిబాట మొదలవుతుంది. గుట్టల నెత్తిమీదుగా ఈశాన్యంగా సాగే ఈ 139 కిలోమీటర్ల బాటను 1973లో జాతీయ కాలిబాటగా ప్రారంభించారు. అక్కడి నుంచి కెన్నెట్ ఏరు దాటి వెళితే వెస్ట్ కెన్నెట్ పొడవాటి సమాధి దిబ్బ వస్తుంది. క్రీస్తుపూర్వం 3650 ప్రాంతానికి చెందిన ఈ దిబ్బ సుమారు వంద మీటర్ల పొడవుంటుంది. లోపల ఐదు రాతి గదులున్నాయి. వంగి లోపలికి వెళ్లి చూడవచ్చు.

దిబ్బ మీద నిలబడితే ఎదురుగా సిల్బరీ గుట్ట కనిపిస్తుంది. చూడటానికి సహజమైన కొండలా ఉన్నా, మనుషులు సుద్దను మోసి పోసిందే. ఇలా మనుషులు పోసిన ప్రాచీన గుట్టల్లో యూరప్‌లోకెల్లా పెద్దది. లోపల ఏముందో తెలుసుకోవాలని 1776 నుంచి బావులూ సొరంగాలూ తవ్వారు. నిధీ దొరకలేదు, సమాధీ దొరకలేదు. సరిగా పూడ్చని ఆ తవ్వకాల ఫలితంగా 2000లో గుట్ట శిఖరాన పెద్ద గొయ్యి పడింది. 2007, 2008లలో సుద్దతో నింపి గట్టిపరిచారు. ఇప్పుడు గుట్ట ఎక్కడానికి అనుమతి లేదు. చూసి రావడమే. కుతూహలానికీ హద్దుండాలని ఈ గుట్ట చెబుతోంది.

ఈ నడకలో మనం దాటే పొలాలు చాలావరకు రైతులవి. అయినా ఎవరూ అడ్డగించరు. కారణం, అక్కడ కాలిబాట చట్టబద్ధమైన హక్కు. ఆ హక్కు ఊరికే రాలేదు. 1932 ఏప్రిల్ 24న కిండర్ స్కౌట్ కొండమీదికి వందలాది మంది, ఎక్కువగా మాంచెస్టర్ ప్రాంతపు యువ కార్మికులు, నిషేధాన్ని ధిక్కరించి నడిచారు. వారిలో ఐదుగురికి జైలుశిక్ష పడింది. 1949 చట్టం ప్రతి కౌంటీ తన కాలిబాటలను పటాల మీద నమోదు చేయాలని నిర్దేశించింది. పటంలో నమోదైన బాటను యజమాని తన ఇష్టప్రకారం మూయలేడు. పొలం మధ్యగా పోయే బాటను దుక్కి కోసం దున్నినా, గడువులోగా మళ్లీ నడవడానికి వీలుగా చేయాలి. నడిచేవారికీ బాధ్యతలున్నాయి. తెరిచిన గేటు మూయాలి, పైరు తొక్కకూడదు, కుక్కను అదుపులో ఉంచుకోవాలి.

మన దేశానికి దీనితో సంబంధం లేకపోలేదు. కర్జన్ కాలంలో, 1904లో మన దేశానికీ పురాతన కట్టడాల పరిరక్షణ చట్టం వచ్చింది. స్వాతంత్ర్యం తరువాత 1958లో కొత్త చట్టం చేసుకున్నాం. ఏవ్‌బరీలో ఎదురైన చిక్కే మనకూ ఎదురైంది. 2011లో హంపి బజారు మండపాల్లో కాపురాలూ దుకాణాలూ ఉన్నవారిని ఖాళీ చేయించినప్పుడు అదే ప్రశ్న తలెత్తింది. ఓరుగల్లు కోట ప్రాకారాల లోపల నేటికీ జనం నివసిస్తున్నారు. కట్టడాన్ని కాపాడాలంటే మనుషులను పంపించేయడమే మార్గమా?

ఏవ్‌బరీ చరిత్ర నుంచి నేను గ్రహించినది ఇది. కట్టడాన్ని చట్టం కొంతవరకే కాపాడుతుంది. దాని చుట్టూ బతికేవారికి గౌరవం, దాని దగ్గరికి నడిచి వచ్చేవారికి దారి, రెండూ ఉన్నచోటే అది నిలుస్తుంది. తనకు సంబంధం లేదనుకున్న రాయిని పగలగొట్టడానికి ఎవరూ వెనుకాడరు. చిన్ననాటి నుంచి పక్కన నడిచిన రాయి మీద దెబ్బ పడితే మాత్రం ఊరుకోరు. మీ ఊరి దగ్గర కూడా పాత బురుజో, శాసనం ఉన్న రాయో, మెట్లబావో ఉండే ఉంటుంది. వచ్చే ఆదివారం పిల్లలను వెంటబెట్టుకుని ఒకసారి నడిచి వెళ్లండి. ఎక్కడ ఏముందో స్టూక్లీలా ఒక కాగితం మీద రాసిపెట్టండి. రక్షణ అక్కడి నుంచే మొదలవుతుంది.