గోడకి బిగించే మెత్తని హెడ్‌బోర్డు: మహాసభలో ఒక సభ్యురాలి ప్రసంగం



నేను జాకెట్లు కుట్టడంతో మొదలుపెట్టినదాన్ని. తర్వాత సోఫా కవర్లు, ఇప్పుడు మంచం తలవైపు గోడకి బిగించే కుషన్ హెడ్‌బోర్డులు. సంఘంలో తీసుకున్న అప్పుతో స్టేప్లర్ గన్నూ, డ్రిల్లింగ్ మిషనూ కొన్నాను. ఈ ఏడాది ఏం నేర్చుకున్నావో చెప్పమన్నారు. మొదటి బోర్డు ఊడిపడిన రోజు నేర్చుకున్నదే ఎక్కువ, అది చెప్తాను.

అది మా వీధిలోని ఇల్లే. బిగించిన పదిహేను రోజులకి ఆ ఇంటావిడ వీపు ఆనించుకుని చంటిబిడ్డకి పాలిస్తుంటే, బోర్డు గోడ పట్టీతో సహా ఊడి మంచం వెనక్కి జారింది. బిడ్డకేం కాలేదు. నాకు మాత్రం ఆ రాత్రి నిద్ర లేదు. "కుట్టు బాగుందమ్మాయ్, మేకులే బాగాలేవు" అంది వాళ్ళ అత్తగారు. ఆ మాట నిజం.

ఎందుకు ఊడిందో వినండి. గోడకి కొట్టే చెక్క పట్టీ మందం ముప్పావు అంగుళం. గోడ మీద సిమెంటు పూత అర అంగుళం. నేను వాడిన స్క్రూ ఒకటిన్నర అంగుళం. లెక్క కట్టండి, ఇటుకలోకి దిగింది పావు అంగుళమే! కాజాలు కొలిచి కుట్టేదాన్ని, ఈ కొలత మాత్రం చూసుకోలేదు.

ఇప్పుడు మూడంగుళాల స్క్రూ వాడుతున్నాను. ఎనిమిది మిల్లీమీటర్ల బిట్టుతో బెజ్జం వేసి, అంతే సైజు ప్లాస్టిక్ ప్లగ్గుని పూత దాటి ఇటుకలోకి దిగేలా కొడతాను. బిట్టుకి రెండున్నర అంగుళాల దగ్గర టేపు చుట్టుకుంటే లోతు తెలుస్తుంది. బెజ్జంలోంచి రాలే పొడిని చూడండి. ముందు బూడిదరంగు పొడి వస్తుంది, అది పూత. తర్వాత ఎర్ర పొడి రావాలి, అది ఇటుక. ఎర్రది రాకుండా బూడిదరంగే వస్తూ బిట్టు సులువుగా దిగిపోతుంటే ఇటుకల మధ్య సందులో పడ్డట్టు, కాస్త పక్కకి జరగండి. స్విచ్‌బోర్డుకి నిలువునా, అడ్డంగా ఉండే వరసలో మాత్రం డ్రిల్లు పెట్టొద్దు, లోపల వైర్లుంటాయి.

వేలాడదీసే పద్ధతి ఇది. ఒక పట్టీని నిలువునా నలభై ఐదు డిగ్రీల వాలుతో రెండుగా కోయించాలి. ఒక సగం గోడకి. దాని పై అంచు గోడవైపు పల్లంగా, మనవైపు ఎత్తుగా ఉండాలి. రెండో సగాన్ని బోర్డు వెనక తలకిందులుగా బిగిస్తే, అది ఆ పల్లంలో కూర్చుంటుంది. గోడ పట్టీని రసమట్టంతో సరిచూసి, ఐదు స్క్రూలతో బిగిస్తాను. బోర్డు వెనక కింద కూడా అంతే మందం పట్టీ ఒకటి పెట్టండి, లేకపోతే ఆనుకున్నప్పుడల్లా అడుగు లోపలికి పోతుంది. బోర్డు వైపు స్క్రూ ఒక అంగుళమే చాలు. ఒకటిన్నర అయితే ప్లైవుడ్ దాటి కుషన్‌లోకి పొడుచుకొస్తుంది. ఆ ఒకటిన్నర అంగుళం స్క్రూ గోడకి పొట్టి, బోర్డుకి పొడుగు!

మెత్తని పని మీ అందరి చేతికీ వచ్చేదే. ఐదడుగుల మంచానికి ఐదుకి రెండడుగుల బోర్డు. ఎనిమిదికి నాలుగడుగుల ప్లైవుడ్ షీటులో రెండు బోర్డులు వస్తాయి, కాబట్టి ఇద్దరు కలిసి కొనుక్కోండి. పన్నెండు మిల్లీమీటర్ల ప్లై, రెండంగుళాల ఫోము, పైన పల్చటి రెకరాన్ పొర. గుడ్డ రెండు మీటర్లు. యాభై నాలుగంగుళాల పన్నా ఐదడుగుల బోర్డుకి చాలదు కాబట్టి గుడ్డని అడ్డంగా తిప్పి పరవాలి. వెల్వెట్ అయితే దాని నూగు పక్కకి వాలి రంగు తేడాగా కనిపిస్తుంది. కత్తిరించకముందే కొన్నవాళ్ళకి చూపించండి, తర్వాత మాట పడొద్దు. పిన్నులు నాలుగు వైపులా మధ్యలోంచి మొదలుపెట్టి మూలలకి రావాలి. మూలల్లో చీర కుచ్చిళ్ళలా మడత పెట్టడం మనకి ఎవరూ నేర్పక్కర్లేదు.

ఒకటి గట్టిగా చెప్తాను. గోడ పని వడ్రంగికో, ఇంట్లో మగవాళ్ళకో వదిలేయకండి. పడిపోతే మాట పడేది మనమే. బిగింపు కూలీ కూడా మనమే తీసుకోవాలి. నేను మొదట్లో గుడ్డ, ఫోము, ప్లై లెక్క రాసి నా రోజులు రాయడం మర్చిపోయేదాన్ని. మా పుస్తక నిర్వాహకురాలు చూసి, "నీ కూలీ ఏదమ్మా?" అని అడిగింది. ఇప్పుడు కొటేషన్‌లో మొదటి గీత అదే. అద్దె ఇల్లయితే యజమానిని అడిగాకే బెజ్జాలు వేస్తాను.

ఆ పడిపోయిన బోర్డుని పైసా తీసుకోకుండా మళ్ళీ బిగించాను. రెండు రోజుల పని పోయింది, ఆ నెల వాయిదా కట్టడానికి ఇబ్బంది పడ్డాను. బిగించాక నేనే వీపు ఆనించి గట్టిగా నెట్టి చూపించాను. అత్తగారు కూడా వచ్చి కూర్చున్నారు. మొన్న ఆ ఇంటావిడ చెల్లెలు కూడా ఒక బోర్డు కావాలంది. రంగు ఇంకా తేల్చలేదు, గోడ మాత్రం చూసొచ్చాను.